ఆయిల్ తాగడం మానేసిన ఇంజన్: వారంటీ దాటిన ఓ పది టైర్ల లారీ కేసు

2018 మోడల్ బీఎస్-4 లారీ. ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్, పది టైర్లు. రీడింగ్ ఆరు లక్షల కిలోమీటర్లు దాటింది. కంపెనీ వారంటీ ఏళ్ల లెక్కనా అయిపోయింది, కిలోమీటర్ల లెక్కనా అయిపోయింది. ఓనర్‌కి ఉన్నది ఇదొక్కటే బండి, ఫైనాన్స్ ఇంకా తీరలేదు. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు ఎత్తుకుని రాజమండ్రి పోతూ, ఏలూరు దాటాక 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆగిపోయింది.

డ్రైవర్ చెప్పింది ఇది: ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది, పికప్ పడిపోయింది, పక్కకు తీసేలోపే ఇంజన్ ధడేల్‌మని ఆగింది. తర్వాత సెల్ఫ్ కొడితే ‘టక్’మనడం తప్ప తిరగలేదు. బ్యాటరీలు దిగిపోయేదాకా కొట్టాడు. జామ్ అయిన ఇంజన్ మీద సెల్ఫ్ కొట్టుకుంటూ పోతే స్టార్టర్ మోటార్ కాలిపోయి అదో ఖర్చు తగులుతుంది. అదృష్టం, ఇక్కడ కాలలేదు.

ఓనర్ ఫోన్ చేశారు. “మేస్త్రి గారూ, ఇంజన్ జామ్ అయిందంట. ఏలూరు నుంచి ఎవరినైనా పిలిపించి అక్కడే చాంబర్ దించి చూపించమంటారా?”

“వద్దండి, ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. బండి ఇక్కడికి తెప్పించండి” అన్నాను. రోడ్డు పక్కన విప్పితే దుమ్ము పడుతుంది, అది ఎలాగూ ఉన్నదే. అసలు సంగతి వేరే. చాంబర్ అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి. అందులో ఆయిల్ ఎంత ఉంది, ఎలా ఉంది, అడుగున ఏం పడి ఉంది అన్నదే ఈ కేసుకి సాక్ష్యం. రోడ్డు మీద దించితే అదంతా మట్టిలో కలిసిపోతుంది. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు.

రోడ్డు మీదే చూడగలిగినవి

డ్రైవర్‌తో ఫోన్‌లోనే కొన్ని చూపించాను. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి, టెంపరేచర్ ఎక్కలేదు. ఫ్యాన్ బెల్టు తీయించి మళ్లీ ఒకసారి కదిలించమన్నాను. ఆల్టర్నేటర్ బేరింగో, వాటర్ పంపో పట్టేసినా బయటికి ఇంజన్ జామ్ లాగే కనిపిస్తుంది. అది కాదు. గేరు న్యూట్రల్‌లోనే ఉంది. ముందు పుల్లీ బోల్టుకి పెద్ద పానా వేసి అటూ ఇటూ తిప్పమన్నాను. ఏ వైపుకీ వెంట్రుకవాసి కదల్లేదు.

ఈ ఒక్క పరీక్ష చాలా చెప్తుంది. వెనక్కి కొంత తిరిగి, ముందుకి వచ్చేసరికి ఒకే చోట ఆగుతుంటే సిలిండర్‌లో నీళ్లో డీజిలో నిండి ఉండొచ్చు, లేదా వాల్వు విరిగి పిస్టన్ మీద పడి ఉండొచ్చు. అప్పుడు ఇంజెక్టర్లు తీసి మళ్లీ తిప్పి చూడాలి. రెండు వైపులా బిర్రబిగుసుకుపోయిందంటే నా అనుమానం బేరింగుల మీదకో, లైనర్‌లో (సిలిండర్ లోపలి గొట్టం) పట్టేసిన పిస్టన్ మీదకో పోతుంది. ఈ బండి వేడెక్కలేదు కాబట్టి బేరింగులే అనుకున్నాను.

ఆఖరున డిప్‌స్టిక్ తీసి వీడియో పంపమన్నాను. “అన్నా, ఆయిల్ ఫుల్లుగా ఉంది. ఆయిల్ లేక జామ్ అవ్వలా” అన్నాడు డ్రైవర్ ధీమాగా. వీడియోలో ఆయిల్ పై గీత దాటి రెండు వేళ్లు పైన ఉంది. డ్రైవర్ దాన్ని తన తప్పు లేదనడానికి రుజువుగా చూపిస్తున్నాడు. ఆరు లక్షలు తిరిగిన ఇంజన్‌లో ఆయిల్ గీత దాటి ఉండటమే నాకు మొదటి ఆధారం.

బండి తెచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఇంజన్ ఆడకపోతే గాలి ఎక్కదు, గాలి లేకపోతే వెనక స్ప్రింగ్ బ్రేకులు పట్టేసే ఉంటాయి. లాగే బండి నుంచి గాలి లైను ఇవ్వాలి, లేదా బ్రేక్ చాంబర్ల వెనక ఉండే బోల్టుతో స్ప్రింగు వెనక్కి లాగి కట్టాలి. రెండోది, గేర్‌బాక్స్‌ని వెనక చక్రాలకి కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఊడదీయాలి. ఇంజన్ ఆగి ఉండగా చక్రాలు గేర్‌బాక్స్‌ని వెనక నుంచి తిప్పుతుంటే లోపల పైగేర్లకి ఆయిల్ సరిగ్గా అందదు. ఇంజన్ పోయిన బండికి దారిలో గేర్‌బాక్స్ కూడా పోగొట్టుకున్న వాళ్లని చూశాను.

సిమెంటు బస్తాలు వేరే లారీలోకి మార్చారు. సరుకుతో వెళ్లే ఈ-వే బిల్లులో పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాకే ఆ లారీ కదలాలి. ఆ గాభరాలో ఇది చాలామంది మర్చిపోతారు, దారిలో తనిఖీకి దొరికి ఫైన్ కడతారు.

ఆటోనగర్‌లో: విప్పకముందు

ఓనర్, డ్రైవర్ ఇద్దరినీ పక్కన నిలబెట్టి, వీడియో తీయిస్తూ ఆయిల్ దించాను. కొలత డబ్బాల్లోకి. క్రితం సర్వీసులో పోసింది 18 లీటర్లని డ్రైవర్ పుస్తకంలో రాసుకున్నాడు. దిగింది 21 దగ్గర. ముట్టుకుంటే నీళ్లలా జారుతోంది, వాసన డీజిల్‌ది. ఫిల్టర్ కాగితం మీద చుక్క వేస్తే మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ పల్చగా బయటికి పాకిన జిడ్డు వలయం. డీజిల్ కలిసిన ఆయిల్ అలాగే పాకుతుంది. నీళ్లు కలిసి ఉంటే రంగు పాలకాఫీలా మారేది, అది లేదు.

ఒక సీసాలో పట్టి ఆయిల్ పరీక్ష చేసే ల్యాబ్‌కి పంపాను. ఈ ఖర్చు దండగ అనుకుంటారు చాలామంది. వారంటీ లేని బండికి, లక్షల్లో ఖర్చు పెట్టబోయే ముందు, ఇది చాలా చవక. 15డబ్ల్యూ-40 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. ఇది 9కి కూడా రాలేదు. డీజిల్ పాలు 10 శాతం పైనే. సాధారణంగా 5 శాతం దాటితేనే ఆయిల్ మార్చేయాలంటారు.

ఆయిల్ ఫిల్టర్ డబ్బా కోసి కాగితం మడతలు విప్పితే ఎండలో రాగి తళుకు. చాంబర్ దించాం. స్ట్రైనర్ జాలీకి బేరింగ్ లోహం పొరలు పొరలుగా అతుక్కుని ఉంది. నాలుగో సిలిండర్ కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కడ్డీ) కింది భాగం నీలం తిరిగి ఉంది. క్యాప్ విప్పితే రెండు షెల్లూ (రాడ్‌కీ షాఫ్ట్‌కీ మధ్య ఉండే సగం వలయపు బేరింగులు) ఒకదాని మీదకి ఒకటి ఎక్కేసి, రేకులా పలచబడి ఉన్నాయి. షెల్ తిరిగి ఆయిల్ రంధ్రం మూసేసింది, జర్నల్‌కి (షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) అతుక్కుపోయింది. మిగతా రాడ్ల షెల్లు ఇంకా తిరగలేదు గానీ అన్నిటికీ పైపూత పోయి రాగి కనిపిస్తోంది. మెయిన్ బేరింగులది కూడా ఇంచుమించు అదే పరిస్థితి.

అన్ని షెల్లూ ఒకే తీరుగా అరిగాయంటే కారణం ఆ నాలుగో రాడ్‌ది కాదు. ఒక్క రాడే పోతే ఆ రాడ్ బోల్టు, ఆ రంధ్రం, ఆ షెల్ బిగింపు చూస్తాం. అన్నీ అరిగాయంటే అన్నిటికీ అందే ఆయిల్‌లోనే లోపం. షాఫ్ట్, షెల్ మధ్య లోహం లోహాన్ని తాకకుండా ఆపేది ఒత్తిడితో నిలబడే పల్చటి ఆయిల్ పొర. ఆయిల్ పల్చబడితే ఆ పొర లోడు మీద తెగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పోయిందంటే అందుకే.

డీజిల్ ఎక్కడి నుంచి వచ్చింది

డీజిల్ చాంబర్‌లోకి దిగే దారులు నాలుగైదే. ఇంజెక్టర్ సరిగ్గా మూసుకోక సిలిండర్‌లో కారుతుంటే లైనర్ గోడ మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగుతుంది. అలాంటప్పుడు ఆ పిస్టన్ తల, ఆ లైనర్ మిగతావాటికంటే తేడాగా ఉంటాయి. ఇక్కడ ఆరూ ఒకేలా ఉన్నాయి. ఇంజెక్టర్లు ఆరూ టెస్ట్ బెంచి ఎక్కించాం. రెండింటికి రిటర్న్ (ట్యాంకుకి తిరిగిపోయే డీజిల్) కొంచెం ఎక్కువ వస్తోంది, కారడం లేదు. బీఎస్-6 బండ్లలో అయితే డీపీఎఫ్ (పొగలోని మసి పట్టే ఫిల్టర్) శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ ఆలస్యంగా కొట్టే డీజిల్ కూడా ఆయిల్‌లోకి దిగుతుంది. పదేపదే ఆ శుభ్రం చేసుకోవడాన్ని (రీజెన్) మధ్యలో ఆపేసే బండ్లలో అది నేను చూస్తున్నదే. ఇది బీఎస్-4, ఆ గొడవ లేదు.

మిగిలింది ఇంజెక్టర్లకి డీజిల్‌ని ఒత్తిడితో తోసే హై ప్రెషర్ పంపు. ఈ పంపు లోపల కందెన పని చేసేది డీజిలే. ముందు వైపు టైమింగ్ గేరు, గేరుకీ పంపుకీ మధ్య షాఫ్ట్ సీల్. ఆ సీల్ కారితే డీజిల్ నేరుగా టైమింగ్ కేస్‌లో పడి చాంబర్‌కి చేరుతుంది. బయట ఒక్క చుక్క కనపడదు. కొన్ని లీటర్ల డీజిల్ అన్ని వేల కిలోమీటర్ల మీద పోతే మైలేజీలోనూ తెలియదు.

అప్పుడు ఓనర్ చెప్పారు, కొన్ని నెలల కిందట పికప్ తక్కువైందని ఈ పంపుని బయట ఒక డీజిల్ ల్యాబ్‌లో రీకండిషన్ చేయించానని. ఆ తర్వాత డ్రైవర్ చెప్పిన మాట ఈ కేసుకి తాళంచెవి: “పంపు చేయించినప్పట్నుంచి ఇంజన్ బాగా సెట్ అయిందన్నా. అంతకుముందు సర్వీసుకి సర్వీసుకి మధ్యలో రెండు మూడు లీటర్లు పైన పోసేవాణ్ని. ఆ తర్వాత చుక్క తాగలేదు.”

వయసైన ఇంజన్ ఆయిల్ తాగడం ఉన్నట్టుండి మానేసిందంటే సంబరపడే విషయం కాదు. అది తాగుతూనే ఉంది, తాగినంతా, పైన ఇంకొంత, ఇంకేదో నింపుతోంది. డీజిలో, నీళ్లో. డిప్‌స్టిక్ మీద తగ్గుదల చూడటం అందరూ నేర్పుతారు, పెరుగుదల చూడటం ఎవరూ నేర్పరు.

ఇంకో హెచ్చరిక కూడా వచ్చిందట. వేడి మీద ఢాబా దగ్గర ఐడిల్‌లో పెడితే ఆయిల్ ప్రెషర్ ఎర్ర లైటు మినుకుమినుకుమనేది. దారిలో ఒక ఎలక్ట్రీషియన్ సెన్సర్ మార్చాడు. లైటు మళ్లీ మినుకుమంటే వైరింగ్ అన్నాడు. సెన్సర్ విప్పిన ఆ రంధ్రానికే మామూలు ముల్లు గేజు ఒకటి బిగించి ఉంటే అక్కడే తేలిపోయేది. ఆ గేజు ధర కొత్త సెన్సర్ కంటే ఎక్కువేం కాదు. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి ఒకటే చెప్తాను: ప్రెషర్ లైటు వెలిగితే ముందు ప్రెషర్ కొలవండి, ఆ తర్వాతే వైరు పట్టుకోండి.

డబ్బు లెక్క

ఓనర్ ముందు అడిగింది ఇన్సూరెన్స్ గురించి. మామూలు మోటార్ పాలసీ యాక్సిడెంట్ నష్టానికి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ అందులో రావు. చాంబర్‌కి రాయి తగిలినట్టు చూపించి క్లెయిమ్ పెట్టమని ఎవరో సలహా ఇచ్చారట. నేను అలాంటి ఎస్టిమేట్ రాయనని చెప్పాను. సర్వేయర్‌కి ఆ రాగి పొడి చూస్తే చాలు, మొత్తం క్లెయిమే పోతుంది, పేరు కూడా పోతుంది.

దారులు మూడున్నాయి. కంపెనీ నుంచి కొత్త లాంగ్ బ్లాక్, అంటే బ్లాకు, క్రాంక్ షాఫ్ట్, హెడ్ అన్నీ కట్టి వచ్చే ఇంజన్. షోరూమ్ చెప్పిన ధర మా ఓవర్‌హాల్ ఎస్టిమేట్‌కి దాదాపు రెండింతలు. పదేళ్లు నడపాలనుకునేవాళ్లకి, బండి మీద అప్పు లేనివాళ్లకి అది సరే.

రెండోది పాత ఇంజన్. యాక్సిడెంట్ బండి నుంచి తీసినది, మన ఆటోనగర్‌లోనే దొరుకుతుంది, త్వరగా తేలిపోతుంది, ఖర్చూ తక్కువ. ఓనర్ మొగ్గు దానివైపే ఉంది, కిస్తీ ఆగదు కదా. నేను వద్దన్నాను. దాని లోపల ఏముందో విప్పితే గానీ తెలియదు, విప్పితే అదో ఓవర్‌హాల్. పైగా ఇంజన్ నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్పు రవాణా శాఖకి తెలిపి ఆర్‌సీలో ఎక్కించాలి. ఫైనాన్స్ ఉన్న బండికి వాళ్ల అంగీకారం కావాలి. ఆ ఇంజన్ ఏ బండిదో కాగితాలు లేకపోతే ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వెళ్లినప్పుడు, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌లో, అమ్మేటప్పుడు, మూడు చోట్లా తగులుకుంటుంది.

మూడోది ఉన్న ఇంజన్నే పూర్తిగా చేయడం. దానికి ఓ షరతు పెట్టాను: బ్లాకు, క్రాంక్ షాఫ్ట్ పరీక్షలో నిలబడితేనే. నిలబడకపోతే అప్పటిదాకా అయిన విప్పుడు కూలీ ఇచ్చి లాంగ్ బ్లాక్‌కి వెళ్లొచ్చు. ఇది ముందే కాగితం మీద రాసుకున్నాం.

షాఫ్ట్, రాడ్లు, ఆయిల్ దారులు

క్రాంక్ షాఫ్ట్‌ని కడిగి మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్ చేయించాం. వేడికి నీలం తిరిగిన జర్నల్ దగ్గర పగులు వచ్చిందంటే ఆ షాఫ్ట్ పాత ఇనుమే. దీనికి పగులు లేదు, వంపు పరిమితిలోనే ఉంది. నాలుగో జర్నల్ మీద గీతలు లోతుగా ఉన్నాయి. 0.25 మి.మీ. గ్రైండింగ్‌కి పోలేదు, 0.50కి శుభ్రపడింది. ఒక్క జర్నలే 0.50 కొట్టి మిగతావి వదిలేద్దామన్నారు లేత్ వాళ్లు. రాడ్లు పట్టే జర్నల్స్ (బిగ్ ఎండ్లు) అన్నీ ఒకే సైజుకి తెమ్మన్నాను. రేపు ఇంకో మేస్త్రి దీన్ని విప్పినప్పుడు ఏ షెల్ ఎక్కడిదో వెతుక్కోకూడదు.

ఇక్కడ చాలా చోట్ల జరిగే పొరపాటు ఒకటుంది. కొన్ని షాఫ్టులు నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో పైపొర గట్టిపరచడం) చేసినవి. ఆ గట్టి పొర మిల్లీమీటరులో అరభాగం కూడా ఉండదు. గ్రైండ్ చేస్తే పొర పోయి కింద మెత్తటి ఇనుము తేలుతుంది, మళ్లీ నైట్రైడింగ్ చేయించకపోతే కొత్త షెల్లు ఉన్నా షాఫ్టే అరుగుతుంది. ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో వేడిచేసి గట్టిపరచడం) చేసిన వాటిలో పొర లోతుగా ఉంటుంది, గ్రైండింగ్ తట్టుకుంటుంది. మనది రెండో రకం. అయినా గ్రైండింగ్ అయ్యాక హార్డ్‌నెస్ చూపించుకునే తీసుకున్నాను. జర్నల్ మూల దగ్గర గుండ్రటి వంపు ఉంచాలి. అక్కడ పదునుగా కోసేస్తే షాఫ్ట్ సరిగ్గా అక్కడే విరుగుతుంది.

నీలం తిరిగిన రాడ్‌ని పడేశాం. ఈ ఇంజన్ రాడ్లు రంపంతో కోసినవి కావు, విరగ్గొట్టి రెండు చేసినవి. క్యాప్‌కీ రాడ్‌కీ ఆ విరిగిన గరుకు ముఖాలే జత. పాత ఇంజన్లలోలాగా క్యాప్ ముఖం రాసి, బోరు మళ్లీ కొట్టి సరిచేయడం వీటికి కుదరదు. బరువు గ్రేడు చూసి కొత్త రాడ్ తెప్పించాం. రాడ్ బోల్టులన్నీ కొత్తవి, ఎందుకంటే డిగ్రీల లెక్కన బిగించే బోల్టు ఒకసారి సాగితే మళ్లీ అదే పట్టు ఇవ్వదు.

లైనర్లు, పిస్టన్లు కొలిస్తే మార్చాల్సిన దశలోనే ఉన్నాయి. ఇంజన్ విప్పి ఉండగా వాటి దగ్గర పొదుపు చేయలేదు.

పొదుపు చేస్తే ప్రాణం మీదకి వచ్చేది ఆయిల్ కూలర్ దగ్గర. బేరింగ్ పోయిన ఇంజన్‌లో లోహప్పొడి ఫిల్టర్ దాకా వచ్చేలోపే కూలర్ రేకుల మధ్య ఇరుక్కుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా రాదు. కొత్త షాఫ్ట్, కొత్త షెల్లు వేసి పాత కూలర్ బిగిస్తే వేడెక్కినప్పుడు ఆ పొడి మెల్లగా వదులుతుంది. రెండోసారి జామ్ అయ్యి వచ్చే ఇంజన్లలో నేను ముందు వెతికేది అదే. కొత్త కూలర్ వేశాం. బ్లాకు లోపలి ఆయిల్ దారుల (గ్యాలరీ) ప్లగ్గులన్నీ తీసి బ్రష్షు దూర్చి కడిగాం, పిస్టన్‌కి కింద నుంచి ఆయిల్ చిమ్మే జెట్లు ఒక్కొక్కటీ గాలితో చూశాం. ఆయిల్ పంపు గేర్ల మీద గీతలున్నాయి, మార్చాం. టర్బో కూడా అదే పల్చటి ఆయిల్ తాగింది. షాఫ్ట్ ఊపు పరిమితి దాటింది, లోపలి సెట్ మార్చక తప్పలేదు.

ఇంజెక్టర్లలో రిటర్న్ ఎక్కువున్న రెండూ మార్చి, వాటి మీద ముద్రించిన కోడ్ స్కానర్‌తో ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్) ఎక్కించాం. అది ఎక్కించకపోతే బండి నడుస్తుంది, కానీ ఆ సిలిండర్‌కి డీజిల్ కొలత తప్పుతుంది.

పంపు పంచాయతీ

పంపుని ఆ డీజిల్ ల్యాబ్ ఓనర్ ఎదుటే విప్పాలని మొదట్నుంచీ పట్టుబట్టాను. ఆయన ముందు రానన్నారు, “ఇంజన్ పోతే పంపుదా తప్పు” అన్నారు. ఆయిల్ పరీక్ష రిపోర్టు, ఆయిల్ కొలిచిన వీడియో పంపాక వచ్చారు. పంపు ఇన్‌లెట్ నుంచి తక్కువ ప్రెషర్‌తో గాలి ఇచ్చి, ముందు భాగం డీజిల్ తొట్టిలో ముంచాం. షాఫ్ట్ సీల్ దగ్గర బుడగలు వరసగా వచ్చాయి. విప్పితే సీల్ పెదవి మీద చిన్న కోత. బిగించేటప్పుడు షాఫ్ట్ మెట్టు అంచుకి తగిలి తెగినది, అరిగినది కాదు.

వారంటీ అంటే కంపెనీది ఒక్కటే అనుకుంటారు ఓనర్లు. బండి వారంటీ అయిపోయినా, బయట చేయించిన పనికీ, కొన్న పార్టుకీ విడిగా బాధ్యత ఉంటుంది. చేతిలో బిల్లు ఉండాలంతే. ఈ బండి ఓనర్ దగ్గర ఉన్నది తెల్లకాగితం మీద రాసిన కచ్చా బిల్లు, బండి నంబరు కూడా లేదు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే ఒక్క బండి ఓనర్‌ని కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది, రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు. పక్కా బిల్లు ఉండి ఉంటే నేను వెళ్లమనే చెప్పేవాణ్ని. ఉన్న కాగితంతో బేరమే నయమనిపించింది. డీజిల్ ల్యాబ్ వాళ్లు పంపు ఉచితంగా మళ్లీ చేసి, ఇంజన్ ఖర్చులో కొంత ఇచ్చారు. అయిన నష్టంతో పోలిస్తే అది చిన్న మొత్తమే. ఈసారి పంపు బిల్లు మీద బండి నంబరు, పంపు సీరియల్ నంబరు, వారంటీ తేదీ రాయించుకున్నాం.

మళ్లీ స్టార్ట్ చేసింది

కొత్తగా కట్టిన ఇంజన్ మొదటి కొన్ని సెకన్లు పొడిగా తిరిగితే పడ్డ కష్టమంతా వృథా. ఇంజెక్టర్ల కనెక్టర్ ఊడదీసి, ముల్లు గేజు బిగించి, ప్రెషర్ ఎక్కేదాకా సెల్ఫ్‌తోనే విడతలు విడతలుగా తిప్పాం. గేజు లేచాకే కనెక్టర్ పెట్టి స్టార్ట్ చేశాం. వేడెక్కాక ఐడిల్‌లో 1.5 బార్, రేస్ చేస్తే 4 బార్.

మొదటి లోడు సగానికే ఎత్తమన్నాను. మామూలు గడువు దాకా ఆగకుండా ముందే ఆయిల్ దించాం, ఫిల్టర్ కోశాం. కొత్త భాగాల సన్నటి బూడిద రంగు పొడి ఉంది, రాగి లేదు. దిగిన ఆయిల్ పోసినదానికంటే కాస్త తక్కువే, డీజిల్ వాసన లేదు. తర్వాతి సర్వీసులో సీసా మళ్లీ ల్యాబ్‌కి పంపితే చిక్కదనం 13 పైన వచ్చింది, డీజిల్ పాలు లెక్కలోకి రానంత తక్కువ. ముల్లు గేజుని ఓనర్ తీయనివ్వలేదు. డాష్‌బోర్డు పక్కన చిన్న పట్టీ వేసి దాన్ని అక్కడే బిగించాం. డ్రైవర్ ఇప్పుడు ట్రిప్పు పుస్తకంలో డీజిల్ లెక్క పక్కన ఇంకో గడి గీసుకుని పొద్దున్నే డిప్‌స్టిక్ మట్టం రాస్తున్నాడు. డీజిల్ ల్యాబ్ ఇచ్చిన పంపు వారంటీ ఇంకా నడుస్తోంది.